పాసంగం

బెంగళూరు,
16 అక్టోబర్ 2007

మామూజాన్‌కు సలాం.

ఈద్‌కు రాలేదని అమ్మీ ఫోనులో ఏడ్చింది. మీరు ఏడవరు, తిట్టరు, ఊరుకుంటారు. అది ఇంకా కష్టం. ఫోను చేద్దామంటే మీ ఎడమ చెవిని మార్కెట్ యార్డు కేకలు ఎప్పుడో తినేశాయి, కుడి చెవి కూడా సెలవడుగుతోందని అమ్మీ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. మీరూ రాయండి. నోరు తెరిస్తే యార్డు మాట, కలం పడితే బడిపంతులు మాట, అదేం విద్యో గాని మీ ఉత్తరం చదవడం నాకిష్టం.

ఆరేళ్లుగా అక్కడ ఏం చేస్తున్నావని పోయినసారి అడిగారు. నేను సరిగా చెప్పలేదు, అలసిపోయి ఉన్నాను. ఇప్పుడూ అలాగే ఉన్నాను గాని చెబుతాను. శనిగ్రహం చుట్టూ కసీనీ అనే నౌక మూడేళ్లుగా తిరుగుతోంది. శని చుట్టూ ఉన్నది ఉత్త ఖాళీ కాదు. ఎలక్ట్రాన్లని, విద్యుత్తు మోసే అతి చిన్న రేణువులు పలుచటి పొగలా పరచుకుని ఉంటాయి. దాన్నే ప్లాస్మా అంటారు. నౌక మీద ఉన్న ఒక పరికరం, ఏ వేగంతో ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చి తగిలాయో లెక్కపెట్టి భూమికి పంపుతుంది. ఆ అంకెలు ఎవరైనా తీసుకోవచ్చు. నేను తీసుకుని కంప్యూటరు ముందు కూర్చుని ఏరుతాను. మీ చెల్లెలు బియ్యంలో రాళ్లు ఏరినట్టే. కాకపోతే ఆమె గంటలో లేస్తుంది.

ఇక అసలు సంగతి. శనికి బాగా దూరంగా, ఎవరూ ఊహించని చోట, నెమ్మదిగా కదిలే ఎలక్ట్రాన్ల పలుచటి పొర ఒకటి నాకు కనబడింది. పరిశోధన పత్రికవాళ్లు నా పేపరు ఒప్పుకున్నారు, జనవరిలో అచ్చవుతుంది. జూన్‌లోగా థీసిస్ ఇస్తే ఈ సంస్థలోనే ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది, ఈ పేపరుంటే వస్తుందని మా గైడు మేడమ్ అన్నారు. ఫెలోషిప్పు అయిపోయి ఏడాది అయింది మామూ. ఈ ఒక్క పొర మీదే నిలబడి ఉన్నాను.

మీ సాదియా


వనపర్తి,
4 నవంబర్ 2007

బేటీ సాదియాకు షంషుద్దీన్ మామూ దువాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు, రెండోసారి అర్థం కాలేదని అర్థమైంది. అయినా సంతోషమే. యార్డులో మద్దిలేటికి చెప్పాను, బస్తాలు మోసే హమాలీల మేస్త్రీ, నీకు తెలుసు. వాడేమన్నాడో విను. "శని వట్టకుండ జనం నూనె వోసి దండం వెడ్తరు. నీ కోడలేంది షంషు భాయ్, ఉల్టా వొయి శనినే వట్టుకున్నది!" అందరూ నవ్వారు. ఏలినాటి శని ఏడున్నరేళ్లు, నీ చదువు ఆరేళ్లు, ఇంకో ఏడాదిన్నర ఓపిక పట్టమన్నాడు.

ఇక్కడ వానకాలం పల్లీ వస్తోంది. తడిసిన పల్లీ, సగం తాలుకాయలు. మోకాళ్లు మాట వినడం లేదు. తూకం వేసే దడువాయి పనికి మోకాళ్లెందుకని మీ అమ్మ అంటుంది. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా నిలబడి తూచి చూస్తే తెలుస్తుంది.

ఒకటి అడుగుతాను, నవ్వకు. మాకో పద్ధతి ఉంది. పొద్దున గేటు తెరవగానే, ఒక్క బస్తా కూడా పెట్టకముందు, ఖాళీ కాంటాను ఎత్తి చూస్తాం. రెండు తట్టలూ సమంగా నిలబడాలి. ఒకటి కిందికి వంగితే రెండోదానికి ఇనుప రింగో రాయో కట్టి సరిచేస్తాం. ఆ తేడాను పాసంగం అంటాం. ఇప్పుడు కరెంటు కాంటాలు వచ్చాయి, కుర్రవాళ్లు చూడరు. నేను మాత్రం ఖాళీది చూశాకే మొదటి బస్తా ఎత్తిస్తాను, ఒకటి అనడానికి బదులు "లాభం" అని లెక్క మొదలుపెడతాను. మరి మీ యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు ఎంత చూపిస్తుంది? అది ఎవరు చూస్తారు?

వేళకు తిను.

మామూ


బెంగళూరు,
22 నవంబర్ 2007

మామూజాన్‌కు సలాం.

మంచి ప్రశ్నే, కానీ పాత ప్రశ్న. ఎండ తగిలితే నౌక ఒంటి మీది లోహం నుంచే ఎలక్ట్రాన్లు ఊడి, మళ్లీ వచ్చి మా పరికరంలో పడతాయి. శనివీ, నౌకవీ కలిసిపోతాయి. అందుకే నౌకవి ఎన్నో అంచనా కట్టి తీసేస్తాం, మీరు బస్తా బరువులోంచి గోనెసంచి బరువు తీసేసినట్టే. ఖాళీగా చూడటమంటారా, అక్కడ ఖాళీ అంటూ ఉండదు. ఎండ ఆగితే చూడొచ్చు. సూర్యుణ్ణి ఎవరు ఆపుతారు చెప్పండి?

పని చాలా ఉంది. అమ్మీకి పేపరు సంగతి బంధువులందరికీ చెప్పవద్దని చెప్పండి.

సాదియా


బెంగళూరు,
19 ఫిబ్రవరి 2008

మామూజాన్‌కు,

మూడు నెలలు రాయలేదు. మీరు పంపిన చిన్న కార్డు అందింది, "బాగున్నావా" అని. బాగా లేను.

సూర్యుణ్ణి ఎవరు ఆపుతారని ఎగతాళిగా రాశాను కదా. శనే ఆపుతుంది. నౌక తిరుగుతూ తిరుగుతూ అప్పుడప్పుడూ శని నీడలోకి వెళుతుంది. అక్కడ ఎండ ఉండదు, నౌక ఒంటి మీంచి ఒక్క ఎలక్ట్రానూ ఊడదు. మీ ఖాళీ కాంటా అదే. ఆ నిమిషాల అంకెలు నా దగ్గర మొదటి నుంచీ ఉన్నాయి. చాలా తక్కువ సేపు, అంకెలు కూడా గతుకులుగా ఉన్నాయని నేనే పక్కన పడేశాను. మీ ఉత్తరం వచ్చాక పట్టించుకోలేదు. పేపరు అచ్చయి చేతికొచ్చాక, పొగరు కొంచెం చల్లబడ్డాక, ఊరికే తీసి చూశాను.

నీడలో నా పొర లేదు.

తప్పెక్కడో దొరకడానికి మూడు వారాలు పట్టింది. నౌకవి ఎన్నో ఒక నెల అంకెల నుంచి అంచనా కట్టి, అదే అంచనాను మూడేళ్లకూ తీసేశాను. ఆ నెలలో ఎండ నౌకకు ఒక పక్క పడింది. తర్వాత నౌక తిరిగింది, వేరే పక్క, వేరే లోహం ఎండలోకి వచ్చింది. ఎండిన గోనె బరువు చూసుకుని, తడిసిన గోనెకీ అంతే తీసేసినట్టు. మిగిలిపోయిన ఆ కాస్తనే శని ఎలక్ట్రాన్లని ప్రపంచానికి చెప్పాను. అవి శనివి కావు మామూ. నౌక తన ఒంటి దుమ్మునే తను లెక్కపెట్టుకుంది.

మేడమ్‌కు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, నీడలోకి వెళితే నౌక మీది విద్యుత్తు కూడా మారుతుంది, నెమ్మది ఎలక్ట్రాన్లను నౌకే దూరం నెట్టేస్తుండవచ్చు, అందుకే కనబడలేదేమో అన్నారు. అది అబద్ధం కాదు, అలా జరుగుతుంది కూడా. కానీ నిండు ఎండలో నౌక మళ్లీ మొదటి పక్కకు తిరిగినప్పుడు కూడా నా పొర మాయమవుతోంది. అది కూడా చూపించాను. "జూన్ దాకా ఆగు సాదియా, థీసిస్ ఇచ్చేయ్, తర్వాత చూద్దాం" అన్నారు. ఆమె చెడ్డ మనిషి కాదు. నా కోసమే అన్నారు.

ఏం చెయ్యమంటారు?

సాదియా


వనపర్తి,
6 మార్చి 2008

బేటీకి దువాలు.

చెప్పకు.

నీ మేడమ్ అన్నదే నా మాట. ఆరేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నావు. అమ్మ నీ కోసం ఎన్ని సంబంధాలు వాయిదా వేసిందో, ఎంతమంది చేత మాటలు పడిందో నీకు తెలియనివ్వలేదు. అంత దూరాన ఉన్నదాన్ని ఎవరు పోయి చూడొచ్చారు? ఎవరి కడుపూ కొట్టడం లేదు నువ్వు. శనికి ఎలక్ట్రాన్లు కొన్ని ఎక్కువైనా తక్కువైనా శనికి పట్టదు. ఉద్యోగంలో చేరు. పదేళ్ల తర్వాత ఎవరో ఒకరు సరిచేస్తారు, లోకం అలాగే నడుస్తోంది.

యాసంగి పల్లీ బాగా వస్తోంది ఈసారి. నిద్ర చాలడం లేదు.

మామూ


బెంగళూరు,
15 మార్చి 2008

మామూ,

ఈ ఉత్తరం మీరే రాశారా? అక్షరాలు మీవే. ఖాళీ కాంటా చూడకుండా బస్తా ఎత్తని మనిషి, చూశాక తేడా ఉంటే నోరు మూసుకోమంటాడా? చిన్నప్పుడు నన్ను యార్డుకు తీసుకెళ్లి, తూకం వేసేవాడి నోరూ కాంటా ముల్లూ ఒకటిగా ఉండాలని చెప్పింది మీరు కాదా? మీరు కూడా మేడమ్ మాటే చెబితే ఇక నేనెవర్ని అడగాలి?

సాదియా


వనపర్తి,
11 ఏప్రిల్ 2008

సాదియాకు,

నీ ఉత్తరం మూడు వారాలు జేబులో ఉంది. దీనికి జవాబు రాయాలంటే ఇంతవరకూ ఎవరికీ, నీ తల్లికి కూడా, చెప్పనిది రాయాలి.

ఇరవై రెండేళ్ల కిందట నేనింకా యార్డులో చేరలేదు. కోడేరులో దేవరాజు సేటు పల్లీ కొనేవాడు, నేను ఆయన దగ్గర తూకం వేసేవాణ్ణి. అప్పుడు తాళ్లకు వేలాడే పెద్ద కాంటా. సీజను మొదట్లోనే తూకపు బాట్లు పెట్టే తట్ట గొలుసు తెగింది. కమ్మరి లావు గొలుసు వేసి ఇచ్చాడు. తెచ్చేసరికి పొద్దెక్కింది, బయట ముప్పై బండ్లు నిలబడి ఉన్నాయి, అందరూ అరుస్తున్నారు. ఖాళీ కాంటా ఎత్తి చూడలేదు. ఆ ఒక్క పొద్దున చూడలేదు. మరునాడు ఎలాగూ బాగానే ఉందనుకున్నాను. అలా సీజనంతా.

జంగయ్య అని ఒక రైతు. ఇంటి దగ్గర కుంచంతో కొలుచుకుని వచ్చేవాడు, తన బస్తా ఎంత తూగుతుందో తనకు తెలుసు. మూడోసారి వచ్చినప్పుడు అందరి ముందూ, "గీ కాంటా తప్పున్నది, బస్తాకు అరకిలో వోతున్నది" అన్నాడు. సేటు మండిపడ్డాడు. ఊరు పోగైంది. అక్కడ ఆనవాయితీ, తూకం మీద తగువొస్తే తూచేవాడు కాంటా ముట్టి చెప్పాలి, ఆ మాటే ఆఖరు. నేను ముట్టి చెప్పాను. "కాంటా సక్కగనే ఉన్నది" అన్నాను. అబద్ధం చెప్పలేదు, అలాగే నమ్మాను. షంషుద్దీన్ మాటంటే మాటే అన్నారు ఊరివాళ్లు. జంగయ్య చేత అందరి ముందూ తప్పయిందని చెప్పించారు. అతను చెప్పాడు. తువ్వాలు నడుముకు కట్టుకుని, తల వంచి చెప్పాడు.

సీజను అయ్యాక కాంటా విప్పి నూనె రాసి, మళ్లీ కట్టి ఖాళీగా ఎత్తాను. బాట్ల తట్ట వంగిపోయింది. లావు గొలుసు బరువు. అరకిలో.

రింగు కట్టి సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే సేటు ఊరుకోడు, ఇంకెవరూ నన్ను తూకానికి పిలవరు, మీ నానీకి అప్పుడు దవాఖాన ఖర్చులు. కారణాలు బాగానే దొరికాయి. ఆ తర్వాతే ఖాళీ కాంటా చూడకుండా బస్తా ఎత్తని మనిషినయ్యాను. నువ్వు చూసిన పెద్దమనిషి ఆయన. "చెప్పకు" అని నీకు రాసింది, అంతకు ముందున్న మనిషి.

కోప్పడు, పర్వాలేదు.

షంషుద్దీన్


బెంగళూరు,
3 జూన్ 2008

మామూజాన్‌కు సలాం.

కోపం లేదు. రెండు రోజులు ఉండింది, తర్వాత దానికీ ఓపిక లేకపోయింది.

థీసిస్ ఇచ్చేశాను. ఆ అధ్యాయం తీసేశాను. మిగిలినవి చప్పగా ఉన్నా తప్పు కాదు, పాసవుతాను. పేపరు గురించి మాత్రం ఎవరికీ ఏమీ రాయలేదు. అది అచ్చులో ఉంటే ఉంటుంది. ఆగస్టులో ఇంటర్వ్యూ, నా పేపర్ల జాబితాలో మొదటి పేరు దానిదే, తీసేస్తే ఎందుకు తీశావంటారు. మేడమ్‌కూ ఇది సరే. ఇకపై నేను ఆ మాట ఎత్తను, వాడను. నాకు తెలిసింది, నేను దిద్దుకున్నాను. మీరు రింగు కట్టినట్టే అనుకోండి. ఎవరికీ నష్టం లేదు కదా.

వారం నుంచి పడుకుని లేస్తున్నాను, అంతే. సెలవుకు వస్తాను.

సాదియా


వనపర్తి,
20 జూలై 2008

బేటీ సాదియాకు దువాలు.

కోడేరు పోయి వచ్చాను.

నీ ఉత్తరంలో నా పేరుతో రాసిన ఆ ఒక్క మాట, రింగు కట్టినట్టే అని, నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. మీ అమ్మకు నాగర్‌కర్నూల్‌లో పని ఉందని చెప్పి బస్సెక్కాను. దేవరాజు సేటు పోయి చాలా ఏళ్లయింది, ఆ దుకాణం ఇప్పుడు ఎరువుల గోదాం. జంగయ్య ఇల్లు అడిగితే చూపించారు. అరుగు మీద కూర్చుని విత్తనం పల్లీ వొలుస్తున్నాడు. ముసలివాడయ్యాడు, నాలాగే.

"గుర్తువట్టినవా?" అన్నాను.

"కాంటా షంషుద్దీన్‌వు గాదూ. కూసో" అన్నాడు.

కూర్చున్నాను. గొలుసు తెగిన దగ్గర్నుంచి రింగు కట్టిన దాకా అంతా చెప్పాను. అతను వొలవడం ఆపలేదు. అయ్యాక, గుప్పెడు గింజలు చాటలో పోసి, "గిదంత నాకెందుకు సెప్తున్నవ్?" అన్నాడు.

"నీకు తెల్వాలె గద" అన్నాను.

"నా బస్తా నాకు తెల్వదా? నువ్వు కాంటా ముట్టిననాడే నాకు తెల్సు. తెల్వనిది ఊరికి. నాకు సెప్తె ఏమొస్తది? పో, ఊరికి సెప్పు."

చెప్పాను. వేరే దారి లేదు. చాయ్ హోటల్ దగ్గర అప్పటివాళ్లు ఐదుగురు దొరికారు. జంగయ్య వచ్చి దూరంగా నిలబడ్డాడు, భార్య రంగమ్మ కూడా కొంగు కప్పుకుని వచ్చింది. ఒకతను నవ్వి, "గిది సెప్పెతందుకా గింత దూరం వచ్చినవ్? సేటే లేడు, కాంటానే లేదు" అన్నాడు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను, గట్టిగా, చెవిటివాడి గొంతు కదా. అప్పుడు రంగమ్మ భర్త వైపు తిరిగి అంది, "నేను గూడ నమ్మలే. ఇరువై రెండేండ్లు. తాగి తప్పు కొలిసిండనుకున్న."

జంగయ్య ఆమె వైపు చూసి, తువ్వాలు దులుపుకుని ఇంటికి వెళ్లిపోయాడు. మాఫీ నేను అడగలేదు, అతనివ్వలేదు. సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను. మోకాళ్లు రెండు రోజులు లేవనివ్వలేదు.

సలహా చెప్పే ముఖం నాకు లేదు. జరిగింది రాశాను.

మామూ


బెంగళూరు,
29 అక్టోబర్ 2008

మామూజాన్‌కు సలాం.

మీ ఉత్తరం అందిన నాలుగో రోజున పత్రికకు రాశాను. ఆ పొర లేదని, తప్పు నాదని, ఎక్కడ ఎలా జరిగిందో బొమ్మలతో సహా. మేడమ్ చదివి, "నా పేరు వద్దు" అన్నారు. అరవలేదు, తలుపు దగ్గర దాకా వచ్చి సాగనంపారు కూడా. ఒక్క నా పేరుతోనే ఈ నెల అచ్చయింది. ఒకటిన్నర పేజీ.

ఇంటర్వ్యూకు వెళ్లాను. జాబితాలో మొదటి పేరు తీసేసి వెళ్లాను. ఎందుకు తీశావని అడిగారు, చెప్పాను. మెచ్చుకున్నారు. ఉద్యోగం వేరే అతనికి ఇచ్చారు. ఇంకో ఆరు నెలలు ఒక ప్రాజెక్టులో అంకెలు ఏరే పని దొరికింది, అది కూడా మేడమ్ ఇప్పించిందే. అమ్మీకి మెల్లగా చెప్పండి, ఈసారి సంబంధం వాయిదా వెయ్యనక్కరలేదని కూడా చెప్పండి, ఎందుకంటే నాకిప్పుడు వద్దనడానికి కూడా ఓపిక లేదు. ఇది మాత్రం నవ్వడానికి రాశాను, నిజంగా తీసుకోకండి.

మీరు చెయ్యమనలేదు, నేను చేశాను. కాబట్టి అది మీ మీద పెట్టుకోకండి. మంచి పని చేశానన్న ఆనందం వస్తుందనుకున్నాను, రాలేదు. అలసటే ఉంది, కానీ మునుపటి అలసట కాదు, పని అయిపోయాక వచ్చే అలసట.

పోయిన శుక్రవారం ఒక మెయిల్ వచ్చింది. ఎక్కడో మంచు దేశంలో చదువుకుంటున్న ఒక అమ్మాయి. నాకు తెలియదు, పేరు కూడా సరిగా పలకలేను. నా పేపరు చూసి ఆ పొరనే తన థీసిస్‌కు తీసుకుందట. ఎనిమిది నెలలు వెతికిందట, ఎంత వెతికినా కనబడలేదట. వాళ్ల గైడు నీ లెక్కలే తప్పు, ఈ పని నీ వల్ల కాదన్నాడట. పోయిన నెల చదువు మానేస్తానని కాగితం ఇచ్చిందట. నా ఒకటిన్నర పేజీ చదివి, ఆ కాగితం వెనక్కి తీసుకుందట. కోప్పడలేదు మామూ. థ్యాంక్స్ చెప్పింది.

ఐదు రోజులుగా ఆమెకు జవాబు రాద్దామని కూర్చుంటున్నాను. పేరు రాసి ఆగిపోతున్నాను.

సాదియా